పుల్లరి: పదంలో గడ్డి, వసూలులో పశువు

‘పుల్లరి’లో పులు అంటే గడ్డి, అరి అంటే కప్పం. పదాన్నిబట్టి ఇది గడ్డిమీది పన్ను. అయితే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత రిజర్వు అడవుల్లో మేపుకు రుసుము వసూలైంది పశువుల తలల లెక్కన. ఈ తేడాను పరిశోధకులు అంతగా పట్టించుకోలేదు.

గడ్డి అంతా ఒకటి కాదు. గరికను పశువు ఇష్టంగా మేస్తుంది; ఇళ్ళు కప్పే బోదను లేతగా ఉన్నప్పుడే ముట్టుకుంటుంది. వానలకు మొలిచిన మెత్తని మేత వెన్ను తీసి గింజ రాల్చాక పీచుబారుతుంది, అందులో మాంసకృత్తులు తగ్గుతాయి. ఎండాకాలానికి బీట్లో గడ్డి రాశి మిగిలినా బలం మిగలదు. తలల లెక్కకు ఈ భేదమేదీ అందదు.

1921-22లో పల్నాటి రైతులు పుల్లరి కట్టబోమన్న ఉద్యమాన్ని సహాయనిరాకరణలో భాగంగా చెప్పడం పరిపాటి. అది నిజమే గాని అసంపూర్ణం. మెట్ట సేద్యం ఎడ్లమీద నడిచిన సీమ అది (పల్నాడు అనగానే వీరగాథనే తలచే సాహిత్య విద్యార్థులు దీన్ని మరుస్తారు). అక్కడ మేత కరవైతే దుక్కి ఆగుతుంది. కాంగ్రెసు పిలుపు ఊళ్ళలో నాటుకున్నది ఈ భయం ఉన్నచోటనే. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పులకు గురై ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు మరణించాడు.