సర్ సయ్యద్ మాట ఒకటి, మెంబర్ల రాయ్ ఒకటి

మా వడమాలపేట చుట్టుపక్కల ఏ అంజుమన్ మీటింగుకు వెళ్లినా ఒకటే తంతు చూస్తుంటాను. సదర్ సాబ్ ఏడాది పనులన్నీ ముందే రాసుకొస్తారు, చదువుతారు. మనం తలూపి, చాయ్ తాగి ఇంటికొచ్చేస్తాం. మెంబర్లతో మష్వరా చేస్తే ఏమవుతుందంటే, నాకు అలీగఢ్ గుర్తొస్తుంది.

1886లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అక్కడ మహమ్మడన్ ఎడ్యుకేషనల్ కాంగ్రెస్ మొదలుపెట్టారు. 1890లో దాని పేరు కాన్ఫరెన్స్ అయింది. ఇజ్లాస్ ఒకే చోట కట్టేసినట్టు ఉండేది కాదు. 1887లో లక్నో, 1888లో లాహోర్. షహర్ మారితే మాట్లాడే గొంతులూ మారతాయి కదా! 1901లో మద్రాసుకూ వచ్చింది. అప్పటికి చిత్తూరు జిల్లాయే లేదు, మన ఊళ్లు నార్త్ ఆర్కాట్ కింద ఉండేవి. ఆ ఇజ్లాస్ ఊపుతోనే 1902లో మద్రాసులో దక్షిణాది ముస్లింల విద్యా సంఘం పుట్టింది. చెన్నైలోని న్యూ కాలేజీని 1951లో పెట్టింది ఆ సంఘమే.

ఆడపిల్లల తాలీమ్ సంగతి వేరు. ముందు మగవాళ్లు బాగా చదువుకోవాలి, అప్పటిదాకా ఆడపిల్లల స్కూళ్లు నిలబడవు అని 1882లో ఎడ్యుకేషన్ కమిషన్ ముందు సర్ సయ్యదే చెప్పారు. ఆయనంటే నాకెంత ఇజ్జత్ ఉన్నా, ఈ విషయంలో మెంబర్లే ఆయనకంటే ముందున్నారంటాను. వాళ్లలో కొందరు పట్టు వదల్లేదు. ఆయన హయాత్‌లో ఉండగానే, 1896లో, కాన్ఫరెన్స్‌లో ఖవాతీన్ తాలీమ్‌కు ఒక విభాగం ఏర్పడింది. ఆయన ఇంతెఖాల్ 1898లో.

1902లో ఆ విభాగానికి సెక్రటరీ అయిన వకీల్ షేక్ అబ్దుల్లా తన ప్లానే చదివి వినిపించి ఊరుకోలేదు. 1904లో ‘ఖాతూన్’ అనే ఉర్దూ పత్రిక పెట్టారు. అందులో ఆడవాళ్లూ రాశారు. ఇజ్లాస్‌లో కూర్చోలేని వాళ్ల రాయ్ కాగితం మీదికి వచ్చింది! భోపాల్ బేగం సుల్తాన్ జహాఁ నెలకు 100 రూపాయలు ఇచ్చారు. 1906 అక్టోబరు 19న అలీగఢ్‌లో స్కూలు తెరుచుకుంది. అమ్మానాన్నల అసలు ఫికర్ చదువు గురించి కాదు, పర్దా గురించి. అందుకే పిల్లల్ని పరదాలు కట్టిన డోలీల్లో తీసుకొచ్చేవారు. 1914లో హాస్టల్ వచ్చాక దూరపు ఊళ్ల పిల్లలూ చేరారు. షేక్ అబ్దుల్లా బేగం వహీద్ జహాఁ వాళ్లను కన్నబిడ్డల్లా చూసుకునేవారట.

అదే ఇవాళ అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలోని విమెన్స్ కాలేజీ.