ఒక్క కాలేజీతో అయ్యే పని కాదు: లాటినో చదువుల చరిత్ర



మన చరిత్ర సిలబస్‌లో ఎందుకు లేదని మనం ఎప్పుడూ అడుగుతుంటాం. అమెరికాలో లాటినో విద్యార్థులు 1960ల్లోనే ఈ ప్రశ్న అడిగారు. లాటినోలంటే మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా లాంటి చోట్ల మూలాలున్నవాళ్లు. వాళ్లు అడిగి ఊరుకోలేదు.

1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజిలిస్‌లో మెక్సికన్ కుటుంబాల పిల్లలు వేల సంఖ్యలో క్లాసులు వదిలి రోడ్డెక్కారు. బళ్లో స్పానిష్ మాట్లాడితే శిక్ష. పుస్తకాల్లో తమవాళ్ల ఊసే లేదు. రెండు భాషల్లో చదువు చెప్పాలి, మా చరిత్ర చెప్పాలి అన్నారు. అండగా నిలిచిన టీచర్ సాల్ కాస్ట్రోతో కలిపి 13 మందిపై కుట్ర కేసు పెట్టారు. అయినా అదే ఏడాది లాస్ ఏంజిలిస్ స్టేట్ కాలేజీలో మెక్సికన్ అమెరికన్ స్టడీస్ మొదలైంది.

అయితే ఒక కాలేజీలో ఒక కోర్సు వస్తే సరిపోతుందా? పాఠాలెవరు చెప్తారు? ఏ పుస్తకం చదవాలి? ఊరి పిల్లలు అక్కడిదాకా ఎలా వస్తారు?

అందుకే 1969 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని చాలా క్యాంపస్‌ల విద్యార్థులు, అధ్యాపకులు శాంటా బార్బరాలో కలిసి కూర్చున్నారు. అడ్మిషన్లు, చదువులో సాయం, సిలబస్, పరిశోధన కేంద్రం, ఊరితో సంబంధం, అన్నీ ఒకే ప్రణాళికలో రాశారు. అదే 'శాంటా బార్బరా ప్రణాళిక'. అందులో లోటూ ఉంది. ఆడవాళ్ల చరిత్రను పట్టించుకోలేదని తర్వాత మహిళా పరిశోధకులు గట్టిగా నిలదీశారు.

న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లు తమ పోరాటం తాము చేసి, 1973లో సిటీ యూనివర్సిటీలో తమ పరిశోధన కేంద్రం తెచ్చుకున్నారు. 1983లో నాలుగు కేంద్రాలు చేతులు కలిపాయి: లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీది, స్టాన్‌ఫర్డ్‌ది, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీది, న్యూయార్క్‌ది. లాటినో పరిశోధన కోసం అలా ఒక అంతర్ విశ్వవిద్యాలయ కార్యక్రమం పుట్టింది. మెక్సికన్ల కథ వేరు, ప్యూర్టోరికన్ల కథ వేరు. అయినా పరిశోధన కలిసి చేయొచ్చు, కొత్త పరిశోధకుల్ని కలిసి తయారు చేయొచ్చు అనుకున్నారు. తర్వాత ఇంకా చాలా యూనివర్సిటీలు చేరాయి.

కలిసినంత మాత్రాన అన్నీ నడిచి రాలేదు. ఆ లాస్ ఏంజిలిస్ యూనివర్సిటీలో పరిశోధన కేంద్రం 1969 నుంచీ ఉంది. డిపార్ట్‌మెంట్ మాత్రం ఇవ్వమన్నారు. 1993లో విద్యార్థులు, ఒక ప్రొఫెసర్ సహా కొందరు 14 రోజులు నిరాహార దీక్ష చేస్తే, వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ పేరుతో బోధనా కేంద్రం వచ్చింది. పూర్తి డిపార్ట్‌మెంట్ హోదా 2005లో గానీ రాలేదు. అంటే 36 ఏళ్లు!

మనకు అర్థమైంది ఇదీ. పోరాటం తలుపు తెరిపిస్తుంది. ఆ తలుపు మళ్లీ మూసుకోకుండా ఉండాలంటే సిలబస్, పుస్తకాలు, పరిశోధకులు సిద్ధంగా ఉండాలి. అది ఒక్క క్యాంపస్ మోయగలిగిన బరువు కాదు.

ఇప్పుడు విజయనగరంలో ఒకటి, ములుగులో ఒకటి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలున్నాయి. కోయ భాష రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోదు. మరి కోయల చరిత్ర పాఠం ఎందుకు ఆగాలి? మీ మీ కాలేజీల్లో గిరిజన చరిత్ర మీద ఏ పేపర్ ఉందో, అసలు ఉందో లేదో గ్రూపులో పెట్టండి. ముందు మన లెక్క మన దగ్గర ఉండాలి.