మహానగరాలు – మురుగునీటి సమస్య

ఒక నగరం గొప్పదనాన్ని దాని సౌధాలను, వీథులను చూచి చెప్పడం పరిపాటి. కాని లక్షలాది జనం ఒకేచోట నివసించాలంటే ముందుగా తేలవలసిన ప్రశ్నలు రెండు. తాగే నీరు ఎక్కడినుండి వస్తుంది? మురుగు ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నలకు లండన్ చెప్పిన సమాధానం ఒకటి; నేడు టోక్యో అని పిలువబడుతున్న ఎడో నగరం చెప్పిన సమాధానం మరొకటి.

18వ శతాబ్దంలోనే ఎడో జనాభా దాదాపు 10 లక్షలు. లండన్ ఆ సంఖ్యను సమీపించింది 1801 ప్రాంతంలో. ఎడోకు తాగునీరు 1653లో తవ్విన తమగావా కాలువ ద్వారా సుమారు 43 కిలోమీటర్ల దూరంనుండి, కేవలం నేలవాలు ఆధారంగా పారి వచ్చేది. మలాన్ని నదిలోకి వదిలేవారు కారు. దానికి వెల ఉండేది! పరిసర గ్రామాల రైతులు ఎరువుకోసం దానిని కొని పడవలపైన, గుర్రాలపైన తీసుకొనిపోయేవారు. అద్దె ఇళ్ళలో ఆ సొమ్ము ఇంటి యజమానికి చెందేది. మన పల్లెలలో పెంటకుప్ప విలువ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

మొదట లండన్‌లోను ఇదే పద్ధతి. మలపు గోతులను రాత్రివేళ ఖాళీచేసి పొలాలకు అమ్మేవారు. అయితే నగరం విస్తరించేకొద్దీ పొలాలు దూరమైనాయి. 1840 తరువాత పెరూ దేశంనుండి పక్షిరెట్ట ఎరువు, అనగా గ్వానో, దిగుమతి కాసాగింది. మలానికి గిరాకీ తగ్గింది. సరిగ్గా ఆ రోజులలోనే నీటితో కడిగే మరుగుదొడ్లు వ్యాపించాయి. వాటి మురుగంతా వాననీటి కాలువలగుండా థేమ్స్ నదిలో పడింది. ఆ నది నీటినే కొన్ని కంపెనీలు తాగడానికి సరఫరా చేసేవి! 1848–49లో కలరా లండన్‌లో 14 వేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది.

దుర్గంధమే వ్యాధికి మూలమని నాటి వైద్యులలో అధిక సంఖ్యాకుల విశ్వాసం. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు సోహో ప్రాంతపు మరణాలు బ్రాడ్ వీథిలోని ఒక పంపు చుట్టూ గుమిగూడి ఉన్నాయని చూపాడు. పక్కనే ఉన్న బీరు కర్మాగారంలోని పనివారెవ్వరూ కలరాతో చనిపోలేదు. వారు ఆ పంపునీరు తాగేవారు కారు. పంపు పిడిని తొలగించారు గాని, అధికారులు అతని సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. 1858 జూన్‌లో స్నో మరణించాడు.

ఆ వేసవిలోనే థేమ్స్ దుర్గంధం భరింపరానిదైంది. పార్లమెంటు భవనపు తెరలను బ్లీచింగుపొడి ద్రావణంలో తడిపి వేలాడదీసినా సభ్యులకు ఊపిరాడలేదు. ఏండ్ల తరబడి సాగిన వాదోపవాదాలు కొద్ది వారాలలో ముగిసి, ఆగస్టులో చట్టం వెలువడింది. ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ 82 మైళ్ళ ఇటుక సొరంగాలను నిర్మించి మురుగును నగరానికి దిగువకు మళ్ళించాడు. 1866లో కలరా తిరిగి వచ్చినప్పుడు విజృంభించింది ముఖ్యంగా తూర్పు లండన్‌లోనే. అక్కడి పనులు అప్పటికి పూర్తికాలేదు. ఆ తరువాత కలరా మహమ్మారి లండన్‌కు రాలేదు. దుర్గంధాన్ని పోగొట్టడానికి కట్టిన సొరంగాలు స్నో చెప్పిన నీటినే కాపాడాయన్నమాట.

1858లోనే కలరా ఓడలలో నాగసాకి రేవుకు, అక్కడినుండి ఎడోకు చేరి వేలాదిమందిని చంపింది. ఎరువు వ్యాపారం నదిని కాపాడగలిగింది గాని, ఈ కొత్త శత్రువును ఆపలేకపోయింది. 1884లో టోక్యోవారు కూడా కందా ప్రాంతంలో ఇటుక మురుగుకాలువ కట్టడం ఆరంభించారు.

హైదరాబాదుకు ఈ పాఠం వరద రూపంలో వచ్చింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాదిమంది మరణించిన మీదట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదల నివారణకు జలాశయాలను, నగరానికి భూగర్భ మురుగుకాలువలను సూచించాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియై తాగునీటిని కూడ ఇచ్చాయి.

2025 నాటి ఐక్యరాజ్యసమితి అంచనాలలో జనాభాకు ప్రథమస్థానం టోక్యోనుండి జకార్తాకు మారింది. అక్కడ సుమారు 4 కోట్ల 20 లక్షలమంది. గొట్టపునీరు చాలక జనం బోరుబావులను ఆశ్రయించారు. భూగర్భజలం తోడినకొద్దీ నేల కుంగుతున్నది. ఉత్తర జకార్తాలో కొన్ని భాగాలు ఇప్పటికే సముద్రమట్టానికి దిగువన ఉన్నాయి.