మూడు సినిమాలు, ఒక లఫ్జ్, మా బోధన్



ఈ మధ్య ఇంట్లో మూడు సినిమాలు చూశాం. ఒకటి కొత్తది, ఒకటి కాస్త పాతది, ఒకటి నాకు ఊహ తెలియని రోజులది. సినిమాల మీద రాయడం నా ఆదత్ కాదు. కానీ మా చిన్నోడు ఒకరోజు బడి నుంచి వచ్చి, సంచీ కింద పడేసి, "అబ్బా, మనం రజాకార్లమా?" అని అడిగాడు. ఎవరో తోటి పిల్లగాడు అన్నాడట. తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడికి రెండు ముక్కల్లో చెప్పే జవాబు నా దగ్గర లేదు. అందుకే ఈ మజ్మూన్.

మొదట ఆ లఫ్జ్ సంగతి. 'రజా' అంటే ఇష్టం, 'కార్' అంటే చేసేవాడు. ఇష్టపూర్వకంగా ఖిద్మత్ చేసేవాడు, అంటే వాలంటీర్. ఇంత మంచి మాటను 1947-48లో కాసిం రజ్వీ మనుషులు ఖరాబ్ చేశారు. అది ఇప్పటికీ మన తలకు చుట్టుకునే ఉంది.

'రజాకార్' సినిమా 2024 మార్చి 15న వచ్చింది. యాటా సత్యనారాయణ డైరెక్టర్. రజ్వీ వేషంలో రాజ్ అర్జున్ భయపెట్టేలా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. రజాకార్ల జుల్మ్ అబద్ధం కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగింది ఖత్లే ఆమ్. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాడు ముసల్మాన్ అయినా సరే, నేను వాడి పక్కన కూర్చోను. అదే నెలలో, దానికి కొద్ది రోజుల ముందే, 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను నరికి చంపింది కూడా ఆ మూకే. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు ఒక ముసల్మాన్ ప్రాణం పోయింది. మా వాడికి నేను మొదట చెప్పింది ఈ పేరే. "రజాకార్లను ఎదిరించినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు బేటా. ఆయన కలం పట్టి ఎదిరించాడు."

ఆ సినిమా విలీనంతో ముగుస్తుంది. మా ఇంటి కథ అక్కడే మొదలవుతుంది.

మా దాదీ ఏ సంగతినీ తారీఖుతో చెప్పేది కాదు. "పోలీస్ యాక్షన్‌కు రెండేళ్ళ ముందు మీ అబ్బాజాన్ పుట్టాడు", "పోలీస్ యాక్షన్ అయినాక ఆ గేదెను అమ్మేశాం", ఇలా ఉండేది ఆమె లెక్క. ఆమె చెల్లెల్ని మంజీర అవతల, నాందేడ్ జిల్లాలో ఒక ఊరికి ఇచ్చారు. సాలూర దాటితే ఎంతో దూరం లేదు. ఆ సెప్టెంబర్ తర్వాత చెల్లెలి నుంచి ఖబర్ రాలేదు. దాదీ బతికున్నన్నాళ్ళు షబే బరాత్ నాడు ఒక పళ్ళెం హల్వా పక్కకు తీసి పెట్టేది. ఎవరి పేరు మీద అని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

సెప్టెంబర్ 13న ఫౌజ్ వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాతి వారాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ సర్కారు పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్న ఒక కమిటీని పంపింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్ళు అంచనా వేశారు. ఎక్కువ నష్టపోయినవని చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ప్రాణాలకు తెగించి ముసల్మాన్ పొరుగువాళ్ళను కాపాడిన హిందువుల సంగతి కూడా అందులో రాశారు. ఆ రిపోర్టు జనం చదవడానికి 2013 దాకా బయటికి రాలేదు. దాదీ అప్పటికే ఖబరస్తాన్‌లో ఉంది. నాందేడ్ పేరు చదివినప్పుడు నాకు ఆ హల్వా పళ్ళెం యాదికొచ్చింది.

రెండో సినిమా 'మా భూమి'. గౌతమ్ ఘోష్ డైరెక్షన్, 1979 నాటిది. ఇది కృష్ణ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' నుంచి పుట్టింది. తెలుగు రైతుల పోరాటం ముందు ఉర్దూలో కితాబ్ అయి, తర్వాత తెలుగులో సినిమా అయింది. ఇందులో మక్బూల్ అనే కార్మికుడు ఉన్నాడు. పల్లె నుంచి పారిపోయి వచ్చిన రామయ్యకు లోకం సంగతి చెప్పేది అతనే. అదే జమానా, అదే నిజాం రాజ్యం, కానీ ముసల్మాన్ ఇక్కడ రైతు వైపు నిలబడ్డాడు. మా వాడు ఫోన్ పక్కన పెట్టి చూసింది ఆ సీన్లే. పైగా ఈ సినిమా పోలీస్ యాక్షన్ దగ్గర ఆగదు. దొరలు మళ్ళీ ఊళ్ళలోకి రావడమూ చూపిస్తుంది.

మక్బూల్ కల్పన అనుకుంటే బందగీ నిజం. షేక్ బందగీ జనగామ దిక్కు కామారెడ్డిగూడెం రైతు. తన జమీన్ కోసం కోర్టులో కొట్లాడితే 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపారు. రాజు ముసల్మాన్, దేశ్‌ముఖ్ హిందువు, చచ్చింది పేద ముసల్మాన్. జుల్మ్‌కు మజహబ్ చూసే అలవాటు లేదని చెప్పడానికి ఇంతకన్నా గవాహి ఏం కావాలి?

మూడోది 'ఫిదా'. 2017లో థియేటర్లో చూశాం, మొన్న మళ్ళీ టీవీలో. భానుమతి మాట్లాడే యాస మా బాన్సువాడది. ఇంట్లో ఆడవాళ్ళంతా నవ్వుకుంటూ చూశారు. నాకు మాత్రం వెనకాల ఉన్న పచ్చటి పొలాల మీద కళ్ళు ఆగాయి. ఆ దిక్కు పచ్చదనం నిజాంసాగర్ కాలువది. 1923లో మొదలై 1931లో పూర్తయిన డ్యాం. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన రోజు, జూలై 11, తెలంగాణలో ఇంజనీర్స్ డే. ఆ నీళ్ళతోనే చెరకు వచ్చింది, చెరకుతో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ శక్కర్‌నగర్. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. మా దాదా అదే ఫ్యాక్టరీలో చెరకు తూకం దగ్గర పని చేశాడు. ఆయన షిఫ్టులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు జబాన్లు నడిచేవట. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. నిజాం రాజ్యం జన్నత్ అని నేను అనను, వెట్టి కూడా ఆ రాజ్యంలోనిదే. కాలువ తవ్విన చేయిని, వెట్టి చేయించిన చేయిని రెండింటినీ చూపిస్తేనే తారీఖ్ అవుతుంది.

గడిచిన ఇత్వార్ నాడు మా వాణ్ణి నిజామాబాద్ ఖిల్లాకు తీసుకెళ్ళాను. దాశరథి కృష్ణమాచార్యను, వట్టికోట ఆళ్వారుస్వామిని నిజాం సర్కారు ఖైదు చేసింది అక్కడే. నిజాం మీద అంత గుస్సా ఉన్న దాశరథి తర్వాత కూర్చుని గాలిబ్ గజళ్ళను తెలుగులోకి తెచ్చాడు. ఆయన లడాయి రాజుతో, ఉర్దూతో కాదు. ఆ తేడా తెలిసిన మనిషి.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని మా వాడు అడిగాడు: "అబ్బా, దాదీ చెల్లెలి పేరేంటి?" నాకు తెలియదు. అబ్బాజాన్‌కు ఫోన్ చేశాను. ఆయనకూ తెలియదు. "అమ్మీ ఎప్పుడూ ఛోటీ అనే అనేది రా," అన్నాడు.

దోస్తులారా, సినిమావాళ్ళు వాళ్ళకు తోచింది తీస్తారు. వాళ్ళతో తగాదా పెట్టుకునే ముందు మన ఇంట్లో మిగిలిన బుజుర్గుల దగ్గర కూర్చోండి. ఎవరు పోయారో, ఎవరు దాచిపెట్టి కాపాడారో పేర్లతో అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. మేం ఆలస్యం చేశాం. ఈసారి షబే బరాత్‌కు హల్వా తీసి పెట్టి, ఛోటీ దాదీ అనే దుఆ చేస్తాం.