వరండాను మేడెక్కించిన మనిషి

ఉప్పల్ నుంచి మూసీ వంతెన దాటి నాగోల్ వైపు దిగండి. సాయంత్రం ఎండ పడమటి గోడల మీద నేరుగా కొడుతుంటుంది. ఆ గోడలకే పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, వాటి పక్కనే ఏసీ డబ్బాలు. 2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని, అంటే ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే హద్దును, ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, ప్లాటు విస్తీర్ణం, చుట్టూ వదిలే జాగా కుదిరితే అంతస్తులు వేసుకుంటూ పోవచ్చు. 2017 నవంబరులో నాగోల్ నుంచి మెట్రో కదిలాక ఈ పక్క బిల్డర్లకు హుషారు ఇంకా పెరిగింది. ఎత్తు లెక్క చూసినంత శ్రద్ధగా ఎండ లెక్క మాత్రం చూడలేదు.

ఆ లెక్కే వృత్తిగా బతికిన ఆర్కిటెక్టు పుట్టింది మన జంటనగరాల్లోనే. చార్లెస్ కొరియా 1930 సెప్టెంబరు 1న సికింద్రాబాద్‌లో పుట్టారు. మిచిగన్, ఎంఐటీల్లో చదివి, 1958లో బొంబాయిలో సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. 1960ల మొదట్లో అహ్మదాబాద్‌లో ‘ట్యూబ్ హౌస్’ కట్టారు. అందులో వేడెక్కిన గాలి వాలు కప్పు వెంట పైకెక్కి, కొసన ఉన్న సందులోంచి బయటికి పోయేది. ఆ దశాబ్దం చివర్లోనే కుషాయిగూడ వైపు ఈసీఐఎల్ కార్యాలయానికి డిజైన్ చేశారు. భవనం మీద పందిరి వేసినట్టు నీడ కల్పించారు. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో రోజూ బస్సు దిగేవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

ఆయన పేరు మోగిపోయింది మాత్రం ముంబైలోని కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్లతో. 1970లో మొదలైన ఆ పని 1983కు గానీ పూర్తి కాలేదు. 28 అంతస్తులు, 84 మీటర్ల ఎత్తు, 32 ఫ్లాట్లు. ఆ ఊళ్లో సముద్రమూ చల్లగాలీ పడమటి నుంచే. సాయంత్రపు ఎండా, వానజల్లూ అటునుంచే. పడమర మూస్తే ఉక్కపోత, తెరిస్తే చిక్కు. పాతకాలపు బంగళాల్లో గదుల చుట్టూ వరండా తిప్పేవారు కదా, కొరియా దాన్నే మేడెక్కించారు. ఫ్లాటు మూలను తొలిచి, రెండంతస్తుల ఎత్తున తోట పెట్టి, గదులను దాని వెనక్కి జరిపారు. ఎండావానా ముందు తోటకు తగులుతాయి, గాలి మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు పారుతుంది. డబ్బున్నవాళ్ల ఫ్లాట్లే, కాదనను. ఎత్తు మీద ఆయనకేమీ వ్యామోహం లేదు. అదే 1983లో నవీ ముంబై బేలాపూర్‌లో మొదలుపెట్టిన కాలనీలో తక్కువ ఎత్తు ఇళ్లు వేసి, ప్రతి ఇంటికీ ఆకాశం కనిపించే సొంత జాగా వదిలారు. 2015లో కన్నుమూశారు.

ఈలోగా హైదరాబాద్ పడమర దిక్కున వేరే కథ నడిచింది. కరణ్ గ్రోవర్ డిజైన్ చేసిన సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004లో ప్రారంభమైంది. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట అందుకున్న మొదటి భవనం అదే. జాలీ గోడలు, గాలి బురుజులు, పైకప్పు మీద పచ్చిక. ఇందులో చాలావరకు పాత సరుకే, ముద్ర కొత్తది.

2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెద్ద వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు కోడ్ తెచ్చింది. ఇళ్ల సంగతి పట్టించుకున్న కేంద్ర కోడ్, ‘ఎకో నివాస్ సంహిత’, 2018 డిసెంబరులో గానీ రాలేదు. గోడలు, కిటికీల ద్వారా లోపలికి చేరే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదంటుందది. ఫ్లాట్ బుక్ చేసేవాళ్లు కార్ పార్కింగ్, వాస్తు, మెట్రోకు దూరం అడుగుతున్నారు. ఈ 15 వాట్ల సంగతి బ్రోచర్లో వేయమని అడిగేవాళ్లు నాగోల్‌లో నాకైతే ఇంకా తగల్లేదు.