నీటితిత్తి కథ



ఈ పూట మీకొక పురుగు కథ చెప్పబోతున్నాను. "అబ్బ, భోజనాల వేళ పురుగుల మాటేమిటండీ" అని విసుక్కోకండి. ఈ పురుగు తిరిగేది మన వంటిళ్ల చుట్టూనే. దాని గుట్టు బయటపెట్టిన డాక్టరుగారి ఇంటిపేరుకి అర్థం కూడా "వంటశాల అధికారి" అనే. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు మా ఇంటి సంగతి వినండి.

మా పిన్ని కూతురు డిగ్రీ చదువుతూండగా ఒకనాడు తెల్లవారగట్ల వాకిట్లో ముగ్గు పెడుతూ పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట నురగ వచ్చింది. పక్కింటావిడ పరుగున వచ్చి తాళాలగుత్తి చేతిలో పెట్టింది. ఇంకొకరు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. అప్పటికే మాటలు పూర్తయిన సంబంధం కాస్తా వెనక్కిపోయింది. చివరికి పట్నంలో స్కానింగు తీయిస్తే పిల్ల మెదడులో బఠాణీగింజంత తిత్తి కనబడింది. "ఇది బద్దెపురుగు పిల్లమ్మా. పంది మాంసంలో ఉండే రకం" అని డాక్టరుగారు అనేసరికి మా పిన్ని భగ్గుమంది. "మూడు తరాలుగా గుడ్డు కూడా గడప తొక్కని ఇల్లండీ మాది!" అంది.

మా పిన్ని అన్నదాంట్లో అబద్ధం లేదు. డాక్టరుగారు చెప్పిందీ అబద్ధం కాదు. ఈ రెండూ ఎలా పొసుగుతాయి? అది అర్థం చేసుకోవడానికి మానవజాతికి రెండువేల ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథే ఇది.

క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో గ్రీకుదేశంలో అరిస్టోఫనీస్ అని హాస్య నాటకకర్త ఉండేవాడు. ఆయన నాటకం ఒకదానిలో, పందికి చేసినట్టు నోరు తెరిపించి నాలుక బయటికి లాగి పరీక్ష చేస్తామని ఒకణ్ణి బెదిరించే ఘట్టం ఉంది. చూశారా, పంది నాలుక మీద బుడిపెలుంటే ఆ మాంసం మంచిది కాదని ఆనాటి జనానికే తెలుసన్నమాట! తరవాత అరిస్టాటిల్ కూడా పంది కండలో కనబడే ఈ తిత్తుల్ని వడగళ్లతో పోల్చి రాశాడు. వైద్యపితామహుడనే హిపోక్రటీస్ పేరు మీద ఉన్న సూత్రాల్లో, నీటితో నిండిన కాలేయం కడుపులోకి పగిలితే మనిషి దక్కడని ఉంది. అది గొర్రెల మందల దగ్గర వచ్చే నీటితిత్తి జబ్బేనని ఇప్పటి పండితులు అనుకుంటారు.

తిత్తులున్నాయని తెలుసు. బద్దెపురుగులూ తెలుసు. కాని ఈ రెండూ ఒకదానికొకటి చుట్టాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. బద్దెపురుగు పేగులో ఉంటుంది, నాడాలాగ గజాల కొద్దీ పొడుగు. తిత్తి కండలోనో కాలేయంలోనో ఉంటుంది, చిన్న నీటిబుడగ. పోలికేముంది? 18వ శతాబ్దం చివర్లో జర్మనీలో గోజె అనే మతగురువు సూక్ష్మదర్శిని కింద తిత్తిని చీల్చి చూస్తే, లోపల బద్దెపురుగు తలే కనబడింది. అయినా జనం నమ్మలేదు. దారి తప్పి శరీరంలోకి చేరిన పురుగులకి జలోదరంలాంటిది వచ్చి అలా ఉబ్బిపోతాయని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే వాదించారు. అసలు పురుగులు శరీరంలో వాటంతట అవే పుడతాయని నమ్మేవాళ్లు కూడా ఇంకా ఉండేవారు.

ఇక్కడ వస్తాడు మన వంటశాల అధికారి. జర్మనీలో జిట్టావు అనే ఊళ్లో వైద్యం చేసే ఫ్రీడ్రిష్ కూహెన్‌మైస్టర్. 1851లో ఆయన కుందేళ్ల శరీరంలోని తిత్తుల్ని నక్కలకి తినిపించాడు. నక్కల పేగుల్లో బద్దెపురుగులు తయారయ్యాయి. అంటే తిత్తి జబ్బుపడ్డ పురుగు కాదు, పురుగు పసితనం! కాని అది జంతువుల మాట, మనిషి సంగతేమిటని అందరూ అడిగారు. 1855లో ఆయన చేసిన పని వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మరణశిక్ష పడిన ఒక ఖైదీకి అతనికి తెలియకుండా సూపులోనూ, రక్తంతో చేసిన సాసేజీలోనూ పంది తిత్తులు కలిపి పెట్టించాడు. శిక్ష అమలుకు ముందు రోజుల్లో పెట్టిన ఆ తిండి తాలూకు పురుగుపిల్లలు, తరవాత శవపరీక్షలో పేగుకి అతుక్కుని కనిపించాయి. 1860లో ఇంకొక ఖైదీ మీద నెలల ముందుగానే మొదలుపెట్టి మళ్లీ చేస్తే, ఈసారి అయిదడుగుల దాకా పెరిగిన పురుగులు దొరికాయి. చావబోయే మనిషికి చెప్పకుండా ఇలా చేయవచ్చా అని ఆ రోజుల్లోనే తిట్టినవాళ్లున్నారు. ఈ రోజుల్లో అయితే ఏ వైద్యుడూ ఆ పని చేయడానికి వీల్లేదు. విజ్ఞానం కొన్ని మెట్లు ఇలాంటి దారిన కూడా ఎక్కిందని మనం మరచిపోకూడదు.

కథలో సగం తేలింది. తిత్తులున్న మాంసం సరిగా ఉడకకుండా తింటే పేగులో పురుగు తయారవుతుంది. మరి పందిలోకి తిత్తి ఎలా వస్తుంది? బెల్జియంలో వాన్ బెనెడెన్ అనే ఆచార్యుడు 1853లో బద్దెపురుగు గుడ్లను పందికి తినిపించి, తరవాత కోసి చూస్తే కండల నిండా తిత్తులే. అదీ చక్రం. మనిషి పేగులో పురుగు, ఆ మనిషి విసర్జించే మలంలో గుడ్లు, ఆ గుడ్లు తిన్న పందిలో తిత్తులు, ఆ పందిని తిన్న మనిషిలో మళ్లీ పురుగు.

ఇప్పుడు మా పిన్ని ప్రశ్నకి జవాబు దగ్గరపడుతోంది. గుడ్లు పంది నోట్లోకే వెళ్లాలని నియమం ఏమైనా ఉందా? అవి మనిషి నోట్లోకి వెళితే? పందిలో ఏం జరుగుతుందో మనిషిలోనూ అదే జరుగుతుంది. కండలో, కంటిలో, మెదడులో తిత్తులు! అందుకు మాంసం ముట్టనక్కరలేదు. పేగులో పురుగున్న మనిషి ఎవరైనా సరే, పాయిఖానాకి వెళ్లొచ్చి చేతులు సరిగా కడుక్కోకుండా మనకి మంచినీళ్లు అందిస్తే చాలు. మురికినీళ్లు పారించిన మడిలోని కొత్తిమీరో ముల్లంగో పచ్చిగా తింటే చాలు. శాకాహారం ఆ పురుగుని పేగులోకి రానివ్వదు కాని, దాని గుడ్లని ఆపలేదు.

కుక్కల్లో ఉండే బద్దెపురుగు కథ ఇంకొకటుంది. అది బియ్యపుగింజంతే ఉంటుంది. దాని గుడ్లు గొర్రెలోకి గాని మనిషిలోకి గాని పోతే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది. కొబ్బరికాయంత అయినా ఆశ్చర్యం లేదు. తిత్తి పగిలితే ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

ఈ జబ్బుతో అల్లాడిపోయిన దేశం ఐస్‌లాండ్. ఉత్తర సముద్రాల్లో మంచుదీవి. మనుషులకంటే గొర్రెలెక్కువ. ప్రతి పల్లెకొంపలో కుక్కలు. శరత్కాలంలో ఇంటి దగ్గరే గొర్రెల్ని కోసేవారు, పనికిరాని కాలేయాలూ ఊపిరితిత్తులూ కుక్కలకి వేసేవారు. 19వ శతాబ్దం మధ్యలో అక్కడ తిరిగిన ఒక డాక్టరు ఏడుగురిలో ఒకరికి ఈ జబ్బుందని లెక్క వేశాడు. తరవాతివాళ్లు అంత ఉండదన్నారు కాని, తక్కువ మాత్రం కాదు. 16వ శతాబ్దం నాటి మఠం శ్మశానంలో ఇటీవల తవ్వకాలు జరిపితే, ఎముకల గూళ్ల మధ్య గట్టిపడిపోయిన తిత్తులు దొరికాయి.

1863లో డెన్మార్క్ ప్రభుత్వం హరాల్డ్ క్రాబె అనే శాస్త్రజ్ఞుణ్ణి ఆ దీవికి పంపింది. ఆయన వంద కుక్కల్ని కోసి చూస్తే 28 కుక్కల్లో ఈ పురుగుంది. మర్నాడే మందు కనిపెట్టాడా అంటే, లేదు. మందన్నదే లేదు అప్పటికి. ఆయన చేసిందల్లా ఒక చిన్న పుస్తకం రాయడం. 1864లో దాన్ని ఇంటింటికీ ఉచితంగా పంచిపెట్టారు. అందులో ఉన్నది గంభీరమైన శాస్త్రం కాదు. తిత్తులున్న భాగాలు కుక్కకి వేయకండి, కాల్చండి, లేదా లోతుగా పూడ్చండి. కుక్కలకి పురుగుల మందు వేయించండి. కుక్కల్ని ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. అంతే!

ఇంత మాత్రానికి జబ్బు పోతుందా అని మీరడగవచ్చు. పోయిందండీ. ఆ దేశంలో పల్లెటూరి ఆడవాళ్లకి కూడా చదవడం వచ్చు. చలికాలం రాత్రుళ్లు ఇంటిల్లిపాదీ ఉన్ని పని చేసుకుంటూంటే ఒకరు పుస్తకం పైకి చదవడం అక్కడి ఆచారం. 1869లో, మళ్లీ 1890లో కుక్కల మీద చట్టాలు వచ్చాయి. తరవాత కబేళాలు వచ్చి ఇంటి దగ్గర కోత తగ్గింది. రాజధాని రేక్యావిక్‌లో 1924లో కుక్కల్ని పెంచడమే నిషేధించారు. ఆ నిషేధం 1984 దాకా సడలలేదు. 20వ శతాబ్దంలో పుట్టిన పిల్లల్లో ఈ జబ్బు అరుదైపోయింది. గొర్రెల్లో చివరిసారిగా 1979లో కనబడింది. టీకా లేదు, అద్భుతమైన మందు లేదు. చదువూ, శుభ్రతా, పట్టుదలా. ఆ మూడే.

"ఎక్కడి ఐస్‌లాండు, ఎక్కడి మనం" అనుకోకండి. గొర్రెల మందలున్న మన రాయలసీమ ఉంది కదా! 1968లో కర్నూలు వైద్యులు తమ ప్రాంతంలో ఈ నీటితిత్తి జబ్బు ఎలా వ్యాపిస్తోందో పరిశోధించి వ్యాసం ప్రచురించారు. మాంసం దుకాణాల వెనక కుక్కలు గుంపు కట్టే సందు ఏ ఊళ్లో లేదు చెప్పండి!

మళ్లీ మెదడు తిత్తి దగ్గరికి వద్దాం. ఇందులో మన దేశానికి ముఖ్యమైన పాత్రే ఉంది. ఇండియాలో పనిచేసి ఇంగ్లండు తిరిగివెళ్లిన తెల్లసిపాయిలు కొందరికి మూర్ఛలు వచ్చేవి. వంశంలో ఎవరికీ లేదు. కారణం తెలియదు. 1930లలో మెకార్థర్ అనే సైనిక వైద్యుడు, వీళ్ల మెదడులో బద్దెపురుగు తిత్తులున్నాయని తేల్చాడు. 1961లో డిక్సన్, లిప్‌స్కోంబ్ అనే వైద్యులు అలాంటి 450 మంది వివరాలు ప్రకటించారు. కొందరికి నాలుగైదేళ్లకే మూర్ఛ వస్తే, ఇంకొందరికి ఇరవై ఏళ్లు దాటాక వచ్చింది. ఎందుకలా అంటే, తిత్తి బతికున్నన్నాళ్లూ మన శరీరానికి తెలియకుండా నక్కి ఉంటుంది. అది చచ్చేటప్పుడు చుట్టూ వాపు వస్తుంది. ఆ వాపే మూర్ఛకి కారణం.

స్కానింగు యంత్రాలు వచ్చాక మన దేశంలో ఇంకొక చిక్కు వచ్చింది. మూర్ఛతో వచ్చినవాళ్ల మెదడులో చిన్న ఉంగరంలాంటి మచ్చ కనబడేది. క్షయ గడ్డ అనుకుని నెలల తరబడి క్షయ మందులు వాడించేవారు. మన జనం రాయవేలూరు అని పిలుచుకునే వెల్లూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు చాందీ, రాజశేఖర్ మొదలైనవారు ఆ మచ్చల్ని తీసి పరీక్షించి, చాలావాటిలో ఉన్నది క్షయ కాదు, చచ్చిపోతున్న పురుగు తిత్తి అని 1980ల చివర, 1990ల మొదట్లో రుజువు చేశారు. చాలావరకు ఆ మచ్చ దానంతటదే కరిగిపోతుందని కూడా గమనించారు. ఎంతమందికి అక్కరలేని మందులు, ఆపరేషన్లు తప్పాయో ఆలోచించండి.

ఇక 1992లో అమెరికా వైద్యపత్రికలో వచ్చిన సంగతి మా పిన్నికి సరిగ్గా సరిపోతుంది. న్యూయార్కులో మతాచారం ప్రకారం పందిమాంసం ముట్టని యూదు కుటుంబాల్లో కొందరికి మెదడులో తిత్తులు కనబడ్డాయి. ఆరా తీస్తే, ఈ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చి ఆ ఇళ్లలో పనిచేసేవాళ్లలో ఒకరి పేగులో పురుగుందని తేలింది. ఇది వినగానే మన పనిమనిషి వైపు అనుమానంగా చూడకండి. పురుగున్న సంగతి ఆ మనిషికే తెలియదు. పురుగు మనింట్లోవాళ్లకీ ఉండవచ్చు, హోటల్లో వడ్డించే కుర్రాడికీ ఉండవచ్చు. ఆమెకి సబ్బూ నీళ్లూ ఇచ్చి, మన మరుగుదొడ్డి వాడుకోనిచ్చి, అవసరమైతే డాక్టరుకి చూపించడం ఇంటి యజమానురాలి పని. పేగులో పురుగు మందుతో తేలిగ్గా పోతుంది. మెదడు తిత్తికి మాత్రం సొంతవైద్యం పనికిరాదు. పురుగుల బిళ్ల మింగి తిత్తిని ఒక్కసారిగా చంపితే వాపు పెరగవచ్చు. ఏది ఎప్పుడు వాడాలో డాక్టరే చెప్పాలి.

చివరిగా ఒక మాట. 1976లో మన హిందూ వివాహ చట్టాన్ని సవరించినప్పుడు, మాటిమాటికి మూర్ఛలు వచ్చేవాళ్లు పెళ్లికి అనర్హులని రాశారు. పిచ్చినీ మూర్ఛనీ ఒకే వాక్యంలో కలిపారు. 1999లో ఆ మాట తీసివేశారు. చట్టంలోంచి పోయింది కాని, పెళ్లిచూపుల్లోంచి పోయిందా? ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛల్లో దాదాపు మూడో వంతుకి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే, గాలి కాదు, దయ్యం కాదు, పూర్వజన్మ పాపం కాదు. ఎవరో చేతులు కడుక్కోకపోవడం! ఎవరైనా మూర్ఛ వచ్చి పడిపోతే తాళాలగుత్తి వెతక్కండి. పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి, దెబ్బ తగలకుండా చూడండి, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.

మా పిన్ని కూతురు రెండేళ్లు మందులు వాడింది. తిత్తి కరిగిపోయింది. ఇప్పుడు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెబుతోంది. దాని పెళ్లికి ముందు మా పిన్ని పిల్లవాడి తల్లికి స్కానింగు కాగితాలన్నీ చూపించి, దాచకుండా చెప్పింది. ఆవిడ అంతా విని, "మా ఇంట్లో కూడా పచ్చికూరలు బాగా కడగాలన్నమాట" అందిట. అలాంటి అత్తగార్లు ఇంటింటా ఉండాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటాను.