వేరుకు తోడున్న బూజు



పోయిన వానాకాలం మన సంఘం స్థలంలో నాటిన గుగ్గిలం మొక్కలు, అదే ఒడియావాళ్లు శాళ అనేవి, ఒక్కటీ బతకలేదు. నీళ్లు పోయలేదని సమావేశంలో ఒకరినొకరు తప్పుపట్టుకున్నాం. అప్పటినుంచి అడవి చెట్ల వేళ్ల గురించి చదువుతున్నాను. తెలుసుకున్నది కాస్త ఓపికగా వినండి.

1880లలో జర్మనీలోని ప్రష్యా ప్రభుత్వం ట్రఫుల్ సాగు చేయించాలనుకుంది. అది మట్టిలోపల ఊరే పుట్టగొడుగు. బాగా ఖరీదు. ఆ పని ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి అప్పగించారు. ఆయన అడవుల్లో వేళ్లు తవ్వి చూస్తే ఓక్, బీచ్, పైన్ చెట్ల సన్నవేళ్ల కొసలన్నీ బూజు తొడుగులోనే ఉన్నాయి. చెట్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఇది తెగులు కాదు, పొత్తు అన్నాడు ఫ్రాంక్. బూజు మట్టిలోని నీటినీ లవణాలనూ చెట్టుకు అందిస్తుందని రాశాడు. 1885లో గ్రీకు మాటలతో దానికి మైకోరైజా అని పేరు పెట్టాడు. బూజువేరు అని అర్థం.

చాలామంది పండితులు ఒప్పుకోలేదు. బూజంటే చెట్టును పీల్చేదేనని వాళ్ల నమ్మకం. ఫ్రాంక్ కొన్ని కుండీల్లో మట్టిని వేడిచేసి బూజు చంపి, మరికొన్నిటిలో అలాగే ఉంచి పైన్ మొలకలు పెంచాడు. బూజున్న మట్టిలోవే బాగా ఎదిగాయి. అయినా తగవు తీరలేదు. 1900లో ఆయన పోయాడు.

ఆ తర్వాత స్వీడన్‌లో ఎలియాస్ మెలిన్ బూజును విడిగా పెంచి, పైన్ మొలకలతో జతచేసి చూపించాడు. 1950లో రేడియోధార్మిక భాస్వరం బూజు పోగుల గుండా వేరుకు చేరడం ఆయన బృందం కనిపెట్టింది. 1957లో చెట్టు ఆకుల్లో తయారైన ఆహారం బూజుకు చేరడం కూడా తేలింది. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉందని అప్పటికి రుజువైంది.

పోర్టోరికో దీవిలో పైన్లు ఎన్నేళ్లు నాటినా ఎదగలేదు. అక్కడ వాటికి తగిన బూజు లేదు. 1950లలో బయటినుంచి పైన్ అడవి మట్టి తెచ్చి వేశాకే మొక్కలు పుంజుకున్నాయి.

మామిడి, చింతలకు ఉండే బూజు వేరే రకం. అది వేరు లోపలే ఉంటుంది, చాలా నేలల్లో దొరుకుతుంది. గుగ్గిలానిది మాత్రం ఫ్రాంక్ చూసిన తొడుగు రకం. తొలకరికి గుగ్గిలం చెట్ల కింద గోలీల్లా ఊరితే ఆదివాసీలు సంతకు తెచ్చే పుట్టగొడుగులున్నాయే, అవి ఆ బూజు కాసిన కాయలే.

మన మొక్కలు అందుకే పోయాయని నేను తేల్చి చెప్పలేను. అయితే ఈసారి నర్సరీలో ఒక మాట అడుగుదాం: ఈ మొక్కలు గుగ్గిలం అడవి మట్టిలో పెరిగినవేనా? వేళ్లకున్న మట్టిని దులపకుండా నాటుదాం. కొత్త చోట తోడు లేకుండా నిలదొక్కుకోవడం ఎంత కష్టమో మన ముత్తాతల కాలం నుంచి వింటున్నదే కదా.

నీళ్ల వంతు ఎవరిదో ఈసారి ముందే రాసుకుందాం.